బెత్తెడు లోపు తోక

తోకచుక్క తోక పొడవెంతో శాస్త్రజ్ఞులు లక్షల మైళ్లలో చెబుతారు. కోటవురట్ల దగ్గరి ఒక పల్లెలో ఒక పెద్దాయన దాన్ని వేళ్లతో కొలిచి, రెండున్నర వేళ్లు అని తేల్చాడు. కొలిచింది ఆకాశం మీద కాదు, నేను తీసిన ఫొటో మీద. ఆ రెండున్నర వేళ్ల మీద మా అక్క కూతురి పెళ్లి నిలబడి ఉంది.

తొంభైల చివర్లో పెద్ద తోకచుక్క వచ్చిన ఏడు అది. పొద్దు గూకగానే పడమటి ఆకాశంలో కనిపించేది. మా నర్సీపట్నంలో జనం డాబాలెక్కి చూసేవారు, చూసి భయపడేవారు, భయపడి మర్నాడు మళ్లీ డాబా ఎక్కేవారు. నేనప్పుడు హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. మూఢనమ్మకాల మీద మాట్లాడమంటే వడ్డించిన విస్తరి ముందు నుంచి లేచి వచ్చే మనిషినని ఊళ్లో పేరు. దిష్టి మీద, వాస్తు మీద, శకునాల మీద లైబ్రరీ హాల్లో నేను చేసిన వాదనలకి ఊరు మారలేదు గాని, హాల్లో ఫ్యాన్లు మాత్రం బిగించారు. గాలి ఆడక జనం మధ్యలో లేచిపోతున్నారని.

మేనకోడలు కొయ్యూరులో కొత్తగా టీచరైంది. పెళ్లికొడుకు మిలటరీలో ఉన్నాడు. ఇద్దరికీ ఇష్టమైన సంబంధం. అతనికి సెలవు దొరికేది వైశాఖంలోనే కాబట్టి ముహూర్తం అప్పుడే పెట్టారు. అది తప్పితే మళ్లీ ఏడాదికి గాని అతను రాడు. అంతా కుదిరాక, ఆ ఇంటి పెద్ద, అంటే పెళ్లికొడుకు తాతగారు, తోకచుక్క సంగతి తేలేదాకా పెళ్లి మాట ఎత్తొద్దన్నారని కబురొచ్చింది.

నేను వెంటనే బయల్దేరాను. బస్సులో దారిపొడుగునా వాదన సిద్ధం చేసుకున్నాను. పెద్దాయన అరుగు మీద నులకమంచంలో కూర్చుని నా వాదన అంతా విని, నెమ్మదిగా చెప్పాడు.

"మా నాయన సెయ్యి సాపి, ఒక కన్ను మూసి కొలిసీవోడు బాబూ. బెత్తెడంటే నాలుగు వేళ్లు. ఆ లోపు తోకైతే సుట్టపు సూపు. వొచ్చినట్టే ఎల్లిపోతాది. బెత్తెడు దాటిందంటే ఆ ఏడు శుభకార్యం ఎట్టకూడదు."

"అయితే మీరూ కొలవండి తాతగారూ."

"నా కళ్లకి పొరలొచ్చీసినాయి. సుక్కలు ఆనవు."

"ఇంట్లో ఎవరినైనా కొలవమనండి."

"ఎవుల్ని నమ్మమంటావు? పెళ్లి కావాలన్నోడు పొట్టి తోకంటాడు. వొద్దన్నోడు పొడుగంటాడు."

ఈ మాట నాకు బాగా నచ్చింది. సాక్షికి లాభం ఉన్న చోట సాక్ష్యం చెల్లదని నేను ఎన్ని సభల్లో గొంతు చించుకున్నానో! ఈయన మంచం మీద కూర్చుని అదే చెబుతున్నాడు. కాకపోతే తప్పు చోట. ఆ ఉత్సాహంలో నేను ఒక మాట ఇచ్చేశాను.

"ఫొటో తీసి తెస్తాను. అది దగ్గర పెట్టుకుని చూసుకోండి. మనుషులు అబద్ధం చెబుతారేమో గాని ఫొటో చెప్పదు."

నా దగ్గర ఒక పాత కెమెరా, దానికో స్టాండు ఉండేవి. కొయ్యూరు రోడ్డు మీద ఊరి దీపాలు వెనకపడే దాకా సైకిలు తొక్కి, పొలం గట్టు మీద స్టాండు నిలబెట్టాను. వెలుతురు ఎక్కువ పట్టాలని లెన్సు కన్ను పూర్తిగా తెరిచి, చుక్క తల సరిగ్గా మధ్యకి వచ్చేలా చూసుకుని, ఊపిరి బిగబట్టి బటన్ తీగ నొక్కాను. రంగుల ఫిల్మ్ అయితే విశాఖపట్నం పంపాలి. నేను వేసింది నలుపు తెలుపు. మా ఊరి స్టూడియో ఆయనకి పాస్‌పోర్టు ఫొటోల కోసం సొంత డార్క్‌రూము ఉండేది. ఆయనే కడిగి, పోస్టుకార్డు సైజులో రెండు ప్రింటులు తీసి ఇచ్చాడు. అక్షరం అక్షరం చూసుకునే మనిషిని, వాటిని మాత్రం సరిగ్గా చూసుకోకుండా ఒకటి పట్టుకెళ్లి పెద్దాయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వేళ్లు ఆనించాడు. రెండున్నర వేళ్లు. సుట్టపు సూపే. పెళ్లి పెట్టుకోవచ్చు.

మా అక్క ఆ పూట బూరెలు వండింది.

చిక్కు ఆ తరవాత మొదలైంది. లైబ్రరీ హాల్లో తోకచుక్క మీద నా ఉపన్యాసం పెట్టారు. గోడకి తగిలించడానికి పెద్ద ఫొటో వేయిద్దామని నా దగ్గరున్న రెండో ప్రింటు తీసి చూశాను. ఈసారి తీరిగ్గా చూశాను. చుక్క తల దగ్గర ఆకాశం బూడిద రంగులో వెలుగుతోంది. నాలుగు మూలలూ కాటుక పూసినట్టున్నాయి. తోక తల దగ్గర బయల్దేరి, మూలకి వెళ్లే కొద్దీ ఆ చీకట్లో మునిగిపోయింది. గట్టు మీద నుంచి నా కళ్లతో నేను చూసిన తోక ఇంతకన్నా చాలా పొడుగు.

కారణం తెలియనిది కాదు. లెన్సు పూర్తిగా తెరిస్తే మధ్యలో పడినంత వెలుతురు అంచుల్లో పడదు. పందిట్లో పెట్రోమాక్స్ లైటు కింద కూర్చున్నవాళ్ల మొహాలు వెలిగిపోతాయి. పందిరి చివర కూర్చున్నవాళ్లు ఉన్నారో లేరో తెలియదు. తెలియనంత మాత్రాన వాళ్లు భోజనానికి రాలేదని కాదు. తోక మూలలోనూ ఉంది. దాని మీదే వెలుతురు చాల్లేదు.

స్టూడియోకి వెళ్లాను.

"మూలలు నల్లగా వచ్చాయి."

"రావాల గదా మాస్టారూ," అన్నాడు స్టూడియో ఆయన. "పెళ్లి ఫొటోలకి నానే అడ్డెట్టి మూలలు నలుపు సేస్తాను. ఫేసు లేస్తాది. దీనికి నాను సెయ్యకుండానే వొచ్చింది. మీ అదురుష్టం."

"ఇదేమన్నా పెళ్లికూతురా?"

"పెళ్లి దాని మీదే ఆగిందంట గదా."

ఊరంతా తెలిసిపోయిందన్నమాట.

ఆయన మొదట తనకి తెలిసిన ఉపాయం చేశాడు. అట్టముక్కకి గుండ్రంగా చిల్లు పెట్టి, ప్రింటు వేసే దీపం కింద దాన్ని ఆడిస్తూ, మధ్య భాగానికి మాత్రం కాస్త ఎక్కువ వెలుతురు పట్టించాడు. ప్రింటులో వెలుతురు ఎక్కువ తగిలిన చోటు నల్లబడుతుంది కాబట్టి, మధ్య భాగం మూలలతో సమానమవుతుందని ఆశ. సమానం కాలేదు. చుక్క చుట్టూ దోసె అంచులాగా ఒక వలయం పడింది.

"దేవుడికి ప్రభ కట్టినట్టుంది మాస్టారూ," అన్నాడు ఆయన మురిసిపోతూ. "ఇలగే ఉంచీండి. పటం కట్టి గుమ్మంలో ఎట్టినానంటే ఎగరేసుకుపోతారు."

నేను ఉలిక్కిపడ్డాను. మూఢనమ్మకం పోగొడదామని తీసిన ఫొటోకి పసుపు కుంకుమ పెట్టించుకునే యోగం ఒక్క అడుగు దూరంలో ఉంది.

ఇంకో పద్ధతి ఉందని ఎక్కడో చదివాను. ఆ లెన్సుతోనే, దాని కన్ను అంతే తెరిచి, అంతటా ఒకే తెలుపుగా ఉన్న వస్తువుని ఫొటో తీయాలి. మా ఇంట్లో అంత తెల్లటి వస్తువు లేదు. అక్క వాళ్లింట్లో బావ పంచె ఉంది. ఎండ సూటిగా పడని పెరటి గోడకి దాన్ని ముడత లేకుండా పరిచి మేకులు కొడుతుంటే అక్క వచ్చింది.

"మీ బావ పంచెకి ఫొటో ఏటిరా?"

"పంచెకి కాదక్కా, లెన్సుకి."

అక్కకి అర్థం కాలేదు. ప్రింటు తెచ్చి చూపించినప్పుడు మాత్రం ఒక్క క్షణంలో అర్థం చేసుకుంది, తప్పుగా. పంచె మధ్యలో తెల్లగా మెరిసిపోతూ, అంచులకి వెళ్లే కొద్దీ మాసినట్టు ఉంది.

"ఉతికింది నాను," అంది అక్క. "అంచులకి మురికెక్కడుంది? ఈ ఫొటో ఎవులికీ సూపించకు."

నేను వెయ్యి మాటల్లో చెప్పలేనిది మా అక్క రోషంలో తేలిపోయింది. ఆ మురికి పంచెది కాదు, లెన్సుది. పంచె మీద ఎక్కడ ఎంత మురికి కనిపిస్తోందో, ఆకాశం మీదా అక్కడ అంతే మురికి ఉంది. దాన్ని ఆకాశం మీద నుంచి అంతే మేరకి తీసేస్తే అసలు ఆకాశం మిగులుతుంది. సిద్ధాంతం ఇంతే.

చేయడం అంత తేలిక కాలేదు. పంచె నెగటివు మీద ఇంకో ఫిల్మ్ ముక్క ఆనించి, చీకట్లో కాస్త వెలుతురు చూపించి కడిగితే, దానికి సరిగ్గా తిరగేసిన నకలు వస్తుంది. ఆ నకలుని ఆకాశం నెగటివుకి జతగా పెట్టి, రెండిట్లోంచీ కలిపి ప్రింటు వేయాలి. ఒకదాని హెచ్చు ఇంకోదాని తగ్గుతో సరిపోతుంది. మొదటిసారి మందులో ఎక్కువసేపు ఉంచడం వల్ల నకలు గట్టిగా వచ్చి, మూలలు సున్నం కొట్టిన గోడల్లా తెల్లబోయాయి. రెండోసారి బేగి తీసేశాం. స్టూడియో ఆయన రెండు ఫిల్ములనీ అంచులు కలిపి బిగించి, కాగితం మీద వెలుతురు వేసి, మందు పళ్లెంలో ముంచాడు. ఎర్రదీపం కింద ఇద్దరం వంగి చూశాం. ముందు చుక్క తల వచ్చింది. తరవాత తోక మొదలైంది. పాత ప్రింటులో ఆగిన చోటు దాటింది. మూల దాకా పోయింది.

"మాస్టారూ," అన్నాడాయన, "తోక ఆగట్లేదు."

తరవాత కొన్నేళ్లకి మా ఊరికి కంప్యూటర్ సెంటర్లు వచ్చాయి. ఆ రెండు నెగటివులూ స్కాన్ చేయించి, ఒకదాన్ని ఇంకోదానితో భాగించమంటే, తెప్పించిన టీ చల్లారేలోపు అదే పని అయిపోయింది. ఆ సెంటరాయన అడిగింది ఒక్కటే: చుక్కల ఫొటోలో ఈ పంచె ఎందుకండీ అని. ఆ డార్క్‌రూములో మేము పడ్డ పాట్లు తలుచుకుని నాకు కొంచెం కుళ్లు పుట్టిన మాట నిజం. కష్టపడి సంపాదించిన నిజం మీద మనిషికి మమకారం ఎక్కువ. హేతువాదులకి మరీ ఎక్కువ.

సరిచేసిన ప్రింటు పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాను. పంచె పరువు నిలబడిందని చెబుదామని వెళ్లాను. అక్క ప్రింటు చూసి, తన నాలుగు వేళ్లూ దాని మీద ఆనించింది. తోక చిటికెన వేలు దాటి బయటికి వచ్చింది.

"ఇదేటిరా? అప్పుడు రెండున్నర వేళ్లే గదా."

"అప్పుడు మూలలో కనపడలేదక్కా."

"కనపడనిదాన్ని అలగే ఉండనిస్తే నీ సొమ్మేటి పోయింది? ఆ తోకేదో పెళ్లయ్యాక పెంచుకో."

"హాల్లో ఉపన్యాసం ఉంది. కోటవురట్ల నుంచి కూడా వస్తారు. చూసినవాళ్లు ఆయనతో చెప్పరా?"

"ఉపన్యాసం పెళ్లయ్యాక ఎట్టుకో."

"అప్పటికి చుక్క ఉండదు."

"అది పోయాక మాటాడితే ఎవులికీ భయం ఉండదు గదా. నీక్కావలసింది అదే గదా."

అక్కతో వాదించడానికి నేనెప్పుడూ తగినంత సిద్ధపడి వెళ్లను. అయినా నాకు ఒకటే పట్టుకుంది. ఫొటో అబద్ధం చెప్పదని ఆ ముసలాయనకి నేను మాటిచ్చాను. నా ఫొటో చెప్పింది. సాక్షికి లాభం ఉంటే సాక్ష్యం చెల్లదన్న మనిషికి, లాభం ఉన్న సాక్షిని నేనే తీసుకెళ్లి అప్పగించాను. తమకి అనుకూలమైన అబద్ధాన్ని కదపకుండా ఉంచేవాళ్లని తిట్టడానికే గదా నేను ఇన్నాళ్లూ మైకు పట్టుకుంది. ఈసారి అనుకూలం మా ఇంట్లో పడింది గనక మైకు దించేస్తానా?

ఆదివారం కాబట్టి మేనకోడలు కొయ్యూరు నుంచి వచ్చి ఉంది. అంతా విని నవ్వింది.

"మావయ్యా, పాస్‌పోర్టు సైజులో వేయించు. తోక బియ్యపుగింజంత అవుతాది."

"నన్ను మోసం చేయమంటావా?" అని కోప్పడ్డాను. కోప్పడుతూనే ఆగిపోయాను. మోసం కాదు, అది వాదన. ఒకే నెగటివు నుంచి మూడు సైజులు వేసి ఆయన ముందు పరిస్తే, కాగితం మీద తోక కొలవడం ఎంత అర్థం లేని పనో ఆయనకే తెలుస్తుంది. నమ్మకం దానంతటదే కూలిపోతుంది. నేను సైకిలు తీశాను.

గేటు దాకా వచ్చింది మేనకోడలు. ఈసారి నవ్వడం లేదు. "మావయ్యా, నువ్వు వాదన గెలుచుకుని రా. కాదనను. గాని ఆయనికి మళ్లీ ఏడాది దాకా సెలవు లేదు. అది మర్చిపోకు."

పెద్దాయన ఇంటి వాకిట్లో జీడిపిక్కలు ఎండబోసి ఉన్నాయి. ఆయన భార్య, మామ్మగారు, పక్కన కూర్చుని పుచ్చులు ఏరుతోంది. నేను ముందు పోస్టుకార్డు సైజు ప్రింటు ఇచ్చాను. ఆయన వేళ్లు ఆనించి, తీసి, మళ్లీ ఆనించాడు.

"ఇదేటి బాబూ, తోక పెరిగిపోనాది."

పెట్రోమాక్స్ లైటు సంగతి చెప్పాను. పంచె సంగతి చెప్పాను. అక్క రోషం కూడా చెప్పాను. ఆయన అన్నీ విన్నాడు.

"అంటే ముందు తెచ్చింది అబద్దం ఆడింది."

"అబద్ధం కాదండీ. సగం చెప్పింది."

"సగం సెప్పడాన్ని మా ఊళ్లో సంబంధం మాటాడ్డం అంటారు," అంది మామ్మగారు తలెత్తకుండా.

నేను దగ్గి, మిగిలిన రెండు ప్రింటులూ తీశాను. పాస్‌పోర్టు సైజుదీ, గోడ కేలండరంతదీ. మూడూ మంచం మీద వరసగా పేర్చాను.

"తాతగారూ, ఇందులో తోక రెండు వేళ్లయినా లేదు. ఇందులో బెత్తెడు దాటింది. ఇందులో జానెడు దాటింది. మూడూ ఒకే చుక్క, ఒకే నెగటివు. ఏ కాగితం మీద వేస్తే అంత తోక. మరి కీడు ఏ సైజులో ఉందండీ?"

ఇలాంటి ప్రశ్న వేశాక హాల్లో అయితే చప్పట్లు పడతాయి. ఇక్కడ జీడిపిక్క ఒకటి చేటలో పడింది. పెద్దాయన మూడిటినీ ఒక్కొక్కటిగా ముక్కు దగ్గర పెట్టుకుని చూసి అడిగాడు.

"మరి మా నాయన సెయ్యికి సరిపోయే సైజేటి?"

ఈ ప్రశ్న నేను ఊహించలేదు. ఊహించకపోవడానికి సాకు కూడా లేదు, ఎందుకంటే అడగవలసిన ప్రశ్న అదే. చాపిన చెయ్యి దూరం మారదు, బెత్త మారదు. వాళ్ల నాన్న కీడు సంగతి ఏమో గాని, కొలత మాత్రం సరిగ్గానే కొలిచాడు. లెన్సు లెక్క, చెయ్యి పొడవు లెక్క మనసులో కట్టాను. జవాబు వచ్చింది. కళ్ల ముందు అక్క మొహం కూడా వచ్చింది.

"పెద్దదండీ," అన్నాను. "కేలండరంతది. ఆ మాటకొస్తే దానికన్నా ఇంకాస్త పెద్దది."

మామ్మగారి చెయ్యి పిక్కల్లో ఆగిపోయింది. పెద్దాయన కేలండరంత ఫొటోని చూశాడు. నన్ను చూశాడు.

"మూడూ ఒకటే సుక్కన్నావు గదా."

"అన్నానండి."

"ఒకే నెగటివన్నావు."

"అవునండి."

"ఏది సూసినా ఒకటే."

"ఒకటేనండి."

"అయితే నాను ఈ సిన్నదాన్నే సూస్తాను," అని పాస్‌పోర్టు సైజు ప్రింటు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "ముహూర్తం మార్చక్కర్లేదని మీ అక్కకి సెప్పు."

"అలా కాదండీ, నా ఉద్దేశం ఏంటంటే, అసలు కొలవడమే..."

"నీ మాటే గదా బాబూ. నాను నీ మాట కాదన్నానేటి?"

"లోపల మజ్జిగుంది, తెస్తానుండండి," అంటూ లేచింది మామ్మగారు. "వాదించీవోలికి గొంతెండిపోతాది."

ఇంటికి రాగానే అక్క ఎదురొచ్చింది. పెళ్లి ఉందని చెప్పాను. "మరి మొహం అలగుందేటి?" అంది. గెలిచానో ఓడానో తెలియడం లేదన్నాను. అది హాల్లో తేల్చుకోమంది.

హాల్లోనూ తేలలేదు. కేలండరంత ఫొటో గోడకి తగిలించి, మూలలు నల్లబడడం దగ్గర్నుంచి బావ పంచె దాకా వివరంగా చెప్పాను. పంచె గురించి జనం బాగా నవ్వారు. చివర్లో ప్రశ్నలు అడగమంటే కోటవురట్ల నుంచి వచ్చిన ఒకాయన లేచాడు. "మా ఊరి తాతగారి జేబులో ఉన్నది సిన్న సుక్కండి. మరి ఇది ఏ ఊరి మీదికి వొచ్చిందండి?" అని అడిగాడు.

వైశాఖంలో అనుకున్న రోజుకే పెళ్లి జరిగింది. అప్పటికి తోకచుక్క మా ఆకాశం దాటి దక్షిణానికి దిగిపోయింది. దాని దారి దానిది. పందిట్లో పెద్దాయన ముందు వరసలో కూర్చుని, వచ్చినవాళ్లకల్లా జేబులోంచి ఫొటో తీసి చూపిస్తున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. నన్ను చూసి ఆయన మొహం విప్పారింది.

"సూసినావా బాబూ," అన్నాడు. "సిన్నది గాబట్టే బేగి ఎల్లిపోనాది."

నేను నోరు తెరిచాను. పందిరి అవతల నుంచి మా అక్క నా వైపే చూస్తోంది. నోరు మూసుకుని లేచి, ఎవరో నా గుప్పిట్లో పోసిన అక్షింతలు పిల్లలిద్దరి మీద వేశాను.